గింజల టోకు బేరంలోకి దిగాలనుకుంటున్నా – గంజ్‌లో ఆడవాళ్లకి చోటుందా?

పచ్చజొన్న | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఉండేది రామంతాపూర్, సొంతూరు నారాయణఖేడ్ దగ్గర. ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా వైపు నుంచి పచ్చ జొన్నలు, కందులు తెప్పించి ఇక్కడ జొన్న రొట్టెలు చేసి అమ్మే అక్కలకి, చిన్న కిరాణాలకి బస్తాల లెక్కన వేద్దామని ఆలోచన. సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు కొట్టేవాళ్లు మన సిటీలో ఎంతమందో మీకు తెలుసు. చాలామంది గిర్నీ దగ్గర దొరికిన పిండే కొంటున్నారు. అది ఏ జొన్నో, ఏ యేటిదో వాళ్లకీ తెలియదు.

రేట్లు కనుక్కుందామని టోకు బజార్లు – మలక్‌పేట గంజ్, ఉస్మాన్‌గంజ్, బేగంబజార్ తిరిగొచ్చాను. ఊడ్చేది ఆడవాళ్లు, చెరిగేది ఆడవాళ్లు, బయట గోనె పరుచుకుని వెల్లుల్లి అమ్మేది ఆడవాళ్లు. లోపల గల్లా దగ్గర మాత్రం నాకు ఒక్కరూ కనపడలేదు. ఓ దుకాణంలో జొన్నల రేటు అడిగితే సేటు నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, మగమనిషి ఎవరైనా వస్తున్నారేమోనని. తర్వాత "ఇంటికి ఎన్ని కిలోలమ్మా?" అన్నాడు.

లైసెన్సు, పెట్టుబడి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి. అంతకన్నా ముందు, ఈ లైన్లో నిజంగా ఉన్న ఆడవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉన్నారా?

నల్లకుంట_నాని | సోమవారం రాత్రి 9:20

బోర్డులు చదవలేదా చెల్లె? శ్రీ లక్ష్మి ట్రేడర్స్, అన్నపూర్ణ ట్రేడింగ్, మహాలక్ష్మి దాల్ మర్చంట్స్. గంజ్ మొత్తం ఆడోళ్లదే.

గంజ్‌పోరడు | సోమవారం రాత్రి 9:51

నాని నవ్వులాటకే అన్నడు గని అండ్ల సగం నిజమున్నది. మాది తాతల సంది అడ్తి, అంటే రైతుల మాల్ కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం. గంజ్‌ల చానా లైసెన్సులు ఆడోళ్ల పేరు మీదనే ఉంటయి. ఇన్‌కం టాక్స్ కోసం కొన్ని, బ్యాంకు లిమిట్ కోసం కొన్ని, అన్నదమ్ములు వేరువడ్డప్పుడు కొన్ని. మా లైసెన్సు అమ్మ పేరు మీదున్నది. సంతకం అమ్మది, గల్లా తాళం నాయినది. ఆమె దుకాణంల అడుగుపెట్టేది దీపావళి పూజకే.

అట్లని ఆమెకు బేరం తెల్వదనుకోకుండ్రి. మాల్ తెచ్చిన రైతులు రాత్రికి మా ఇంట్లనే పండేటోళ్లు, బువ్వ అమ్మనే పెట్టేది. ఎవరింట్ల పెండ్లున్నది, ఎవరి బోరు ఎండింది, ఎవరికిస్తే పైసలు వాపసొస్తయి, గిదంత ఆమెకే ఎరుక. నాయిన ఎవరికన్న అడ్వాన్సు ఇయ్యాలంటే ముందుగాల ఆమెనడిగేటోడు.

పచ్చజొన్నక్కా, సూటిగ చెప్తున్న. గంజ్‌ల బేరమంటే సరుకు కాదు, ఉద్దెర. సరుకు ఎవడన్న కొంటడు. నెల, నెలన్నర ఉద్దెరకిచ్చి దుకాణాల పొంటి తిరిగి వసూలు చేసుడు, గది బేరం. పొద్దుగాల నాలుగింటికి లారీ, హమాలీలతోని లొల్లి, రాత్రి వసూలు. ఆడోళ్లతోని కాదని అంటలేను. కానిస్తరా అని.

శారద_చిక్కడపల్లి | సోమవారం రాత్రి 10:05

వసూలు దగ్గర ఆడవాళ్లు వెనకబడతారంటే నవ్వొస్తోందండీ. మా అపార్టుమెంట్లో నెలనెలా చీటీ నడిపేది ఒకావిడే. ఎవరినైనా ఒక్క నెల ఎగ్గొట్టి చూడమనండి! మైక్రోఫైనాన్సు వాళ్లు కూడా ఎవరైనా కిస్తీ కట్టకపోతే ముందు గ్రూపు లీడరమ్మనే ఆ ఇంటికి తోలతారు. వసూలు చెయ్యడానికి పనికొచ్చిన మనిషి అప్పు ఇవ్వడానికి ఎందుకు పనికిరాదో ఆ మాట చెప్పండి.

ఇంకోటి. బేగంబజార్ పుట్టిందే ఓ బేగం వల్ల. రెండో నిజాం, అంటే నిజాం అలీఖాన్ గారి భార్య హుమ్దా బేగం వ్యాపారులకి ఇచ్చిన స్థలంలో వెలిసిన బజారు అది.

గంజ్‌పోరడు | సోమవారం రాత్రి 10:09

బేగం స్థలమిచ్చింది మేడం, దుకాణం పెట్టలే. ఈ ముచ్చట ప్రతి హెరిటేజ్ వాక్‌ల చెప్తరు.

రిటైర్డ్‌యార్డు | మంగళవారం ఉదయం 6:40

మార్కెటింగ్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. లైసెన్సు సంగతి చెబుతాను.

మనకున్నది 1966 నాటి మార్కెట్ల చట్టం. నోటిఫై చేసిన సరుకును యార్డులో టోకున కొనాలన్నా, కమీషన్ మీద అమ్మిపెట్టాలన్నా మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలి. దరఖాస్తు, ఫీజు, పూచీకత్తు – అంతే. ఆడా మగా అన్న గడి ఎక్కడా అడ్డం రాదు. మార్కెట్ ఫీజు కట్టాల్సింది కొనే ఖరీదుదారు, రైతు కాదు. కమిటీ రసీదు లేకుండా నడిచే సరుకునే యార్డు భాషలో జీరో దందా అంటారు. అమ్మా, కొత్తగా దిగేవాళ్లకి మొదట ఎదురయ్యే ఆశ అదే. రసీదు లేని సరుకుకి తర్వాత బ్యాంకులో విలువ ఉండదు, దారిలో చెక్‌పోస్టు వాళ్లు ఆపితే నోరెత్తడానికీ ఉండదు.

యార్డులో మనుషుల వరస కూడా తెలుసుకోండి. అడ్తిదారు, ఖరీదుదారు, కాంటా పెట్టే దడ్వాయి, మోసే హమాలీ, చివరికి చాట కూలీ. నా సర్వీసులో ఆడవాళ్లు గుంపుగా కనపడింది ఆ చివరి మెట్టు మీదే. హమాలీ, దడ్వాయి, చాట ఖర్చులన్నీ అడ్తిదారు రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలో, అంటే తక్‌పట్టీలో, రైతు ఖాతాలోనే రాస్తారు. తక్‌పట్టీ ఎవరి పేరు మీద ఉంటుంది? పట్టాదారు పేరు మీద. చెల్క దున్నింది మొగుడైనా కలుపు తీసింది, కోసింది, నూర్చింది పెళ్లాం. ఆటోలో బస్తాల మీద కూర్చుని యార్డుకి వచ్చేదీ ఆమే. కాగితం మీద మాత్రం ఆయన. బ్యాంకు అడిగేది ఆ కాగితమే.

చాటబిడ్డ | మంగళవారం మధ్యాహ్నం 1:15

సారు చివరి మెట్టు అన్నరు కదా, మా అమ్మ ఆ మెట్టు మీదనే బతికింది. మా నలుగురిని సదివించింది కూడా ఆ చాటనే. నేను నర్సును ఇప్పుడు. డ్యూటీ మధ్యల రాస్తున్న, తప్పులుంటే సదురుకోండ్రి.

చాట కూలీ అంటే ఊడ్చేటామె అనుకుంటరు. రాసి పోసినంక తాలు, మట్టి పెడ్డలు, రాళ్లు తీసి మాల్‌ను సాపు జేసేది మా అమ్మోళ్లు. సాపు జేసిన రాసికి రేటొస్తది, జెయ్యని రాసికి కోతవడ్తది. అంటే రేటు పెంచేది వీళ్ల చెయ్యి. మా అమ్మ పిడికెడు కందులు చాటల వేసి రెండుసార్లు ఎగరేస్తె అండ్ల పచ్చివెంత, పుచ్చువెంత, బస్తాకు ఎన్ని కిలోల తరుగొస్తదో చెప్పేది. ఖరీదుదార్లు అమ్మ మొహం చూసి వేలం పాట పాడిన రోజులున్నయి. కూలి మాత్రం బస్తాకింత.

అసలు ముచ్చట చెప్త. కాంటా అయినంక కింద రాలిన గింజలు ఊడ్చుకొని తీసుకపోయేది చాటోళ్ల హక్కు. ఎవరూ రాయలే, గని అందరికి తెలుసు. అమ్మ రాత్రి ఇంటికొచ్చి ఆ గింజలను జల్లెడ పట్టి, రాళ్లేరి, కడిగి ఆరబోసేది. కందులు వేరు, పెసర్లు వేరు, జొన్నలు వేరు. తెల్లారితే బస్తీల ఇంటి ముందట గంపలు పెట్టి సోలతోని, శేరు డబ్బతోని అమ్మేది. కాంటా లేదు. దుకాణంల కన్న అగ్గువ. నెలాఖరుల చేతుల పైసల్లేనోళ్లంత మా ఇంటికే వచ్చేటోళ్లు. ఉద్దెర కూడ ఇచ్చేది, గోడ మీద బొగ్గుతోని గీతలు. గంజ్‌పోరడన్నా, నువ్వు చెప్పిన బేరం ఇదే కదా? సరుకు, ఉద్దెర, వసూలు. లైసెన్సు లేదు, బోర్డు లేదు, గంతే తేడా.

నువ్వు గల్లా దగ్గర చూసినవక్కా, పచ్చజొన్నక్కా. గల్లా బయటనే ఆడోళ్ల బేరమున్నది.

గంజ్‌పోరడు | మంగళవారం మధ్యాహ్నం 2:02

నీ మాటకు ఇజ్జత్ ఇస్త చెల్లె. గని రెండో వైపు కూడ వినాలె. రాలిన గింజలని చెప్పి కొందరు బస్తాలకు కొక్కెం పెట్టి రాలగొట్టుడు కూడ ఉండె. రైతు మొత్తుకొని ఏడుస్తుండె. కాంటా కాడ రెండు కిలోలు పోతే ఎవరిని అడగాలె?

చాటబిడ్డ | మంగళవారం మధ్యాహ్నం 2:30

ఉండె అన్నా, కాదనను. కొక్కెం ఎవరి చేతుల ఉంటది? హమాలీ చేతుల. దొంగతనం పేరు ఎవరికొచ్చేది? చీపురు పట్టినామెకు. గేటు కాడ మా అమ్మ చీర కొంగు విప్పిచ్చి చూసేటోళ్లు. అదే రోజు అడ్తి దుకాణంల శాంపిల్ అని చెప్పి రైతు రాసిలకెళ్లి దోసిళ్లకు దోసిళ్లు తీసి పక్క డబ్బల పోసేది. దానికి గేటు లేదు.

మోడరేటర్ | మంగళవారం సాయంత్రం 4:00

కులాల పేర్లు పెట్టి రాసిన రెండు పోస్టులు తీసేశాను. ఏ కులం వాళ్లు వ్యాపారం ఎలా చేస్తారన్నది ఇక్కడ చర్చ కాదు.

మౌలాలి_బియ్యం_కొట్టు | మంగళవారం రాత్రి 11:10

కొట్టు మూసి ఇప్పుడే చదివాను. "నిజంగా ఈ లైన్లో ఉన్న ఆడవాళ్లు" అని అడిగావు కదమ్మా, నేనున్నా. బియ్యం కొట్టు, చిల్లరా టోకూ రెండూ. మా ఆయన పోయాక నా చేతికొచ్చింది. ఈ వ్యాపారంలో నాకు తెలిసిన ఆడవాళ్లలో ఎక్కువమంది ఇట్లా వచ్చినవాళ్లే. మొగుడు ఉండగా గల్లా ముట్టనియ్యరు, పోయినంక వద్దన్నా వదలదు.

మొదట్లో ఏమైందో చెప్తా. మిర్యాలగూడ మిల్లుల సరుకు మాకు ఏజెంట్ల ద్వారా వస్తుంది. ఆయన ఉన్నన్నాళ్లూ లారీ దింపి నెలకి డబ్బు తీసుకున్న ఏజెంటే, ఆయన దినాలు కాగానే "అమ్మా, క్యాష్ ఇస్తేనే దింపుతా" అన్నాడు. పాత బాకీ మొత్తం ఆ నెలలోనే కట్టమన్నాడు. మనకి రావాల్సిన ఉద్దెర మాత్రం "అన్నకి ఇచ్చేశాం కదా" అన్నారు. ఖాతా పుస్తకంలో ఆయన రాసుకున్న పొట్టి రాతలు నాకర్థమయ్యేసరికి సగం మునిగిపోయింది. నగలు బ్యాంకులో పెట్టి క్యాష్ మీద నడిపించా. క్యాష్ ఇచ్చినప్పుడు బస్తాకి కాస్త తగ్గుతుందని అప్పుడే తెలిసింది. ఇప్పటికీ ఎక్కువ సరుకు క్యాష్ మీదే. ఉద్దెర లేకపోతే బేరం లేదన్న గంజ్ బాబు మాట పెద్ద దుకాణాలకి నిజమేమో. నాకు కాదు.

సరుకు గురించి. మగ వ్యాపారులు బియ్యం అరచేతిలో పోసుకుని చూస్తారు, ఒక గింజ కొరుకుతారు, అయిపోయింది. నేను ప్రతి లాటులో గిద్దెడు తీసుకుని వండి చూస్తా. పాత బియ్యమని కొత్తవి కలిపి ఇచ్చేవాళ్లు ఎక్కువ. కలిపినవి ఉడికితే సగం పలుకు, సగం ముద్ద. బీపీటీ రకం అని రాసిన సంచిలో ఏముందో పొయ్యి మీద తెలుస్తుంది. ఆర్‌ఎన్‌ఆర్ సన్నగా ఉంటుంది, షుగర్ వాళ్లు అదే అడుగుతున్నారు. అది మన రాజేంద్రనగర్‌లో తయారైన వంగడమే, తెలంగాణ సోనా అంటారు. కొనేది ఆడవాళ్లు. "ఎన్ని నీళ్లు పొయ్యాలి? రాత్రికి గట్టిపడుతుందా? పిల్లల డబ్బాలోకి బాగుంటుందా?" అని అడుగుతారు. ఏజెంటుకి ఆ సమాధానం తెలియదు. నా కొట్టు నిలబడింది ఆ సమాధానం మీదే.

కష్టం కూడా చెప్పాలి కదా. బాత్రూం. టోకు బజార్లకి పోయిన రోజు పొద్దున్నించి నీళ్లు తాగను. ఇది ఎవరూ రాయరు. ఇంకా, హమాలీలు మొదట్లో మాట వినరు. వాళ్ల లెక్క ఏ రోజుది ఆ రోజు ఇచ్చెయ్యండి, వింటారు.

పచ్చజొన్న | మంగళవారం రాత్రి 11:32

అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఒక్క మాట: జొన్నలకి కూడా ఇట్లా వండి చూసే పద్ధతి ఉందా? రొట్టె చేసే అక్కలు "ఈ పిండి విరుగుతోంది" అంటారు, జొన్న పాతదవడం వల్లేనా?

చాటబిడ్డ | బుధవారం ఉదయం 7:05

ఔనక్కా, పాత జొన్నకు జిగట పోతది, రొట్టె అంచుల కాడ పగుల్తది. పట్టిచ్చిన పిండి కూడ దినాలు గడిస్తె గంతే. పిడికెడు పిండిల మరిగే నీళ్లు పోసి పిసికి, చేతుల మీదనే సాపి చూడు. విరిగితే ఆ మాల్ వద్దు. మచ్చలున్న గింజ కూడ వద్దు, వానకు తడిసింది అది, రొట్టె నల్లగొస్తది, చేదుంటది.

రిటైర్డ్‌యార్డు | బుధవారం ఉదయం 7:20

పచ్చ జొన్న గురించి ఓ సంగతి. కేంద్రం మద్దతు ధర రెండు రకాలకే ప్రకటిస్తుంది. 2025-26కి హైబ్రిడ్ జొన్న క్వింటాలుకి 3699, మాల్దండి 3749 రూపాయలు. పచ్చ జొన్నకి వేరే ధర లేదు. కాబట్టి దాని రేటు రైతు, వ్యాపారి మధ్య తేలాల్సిందే. కందికైతే ఆ ఏడాది మద్దతు ధర 8000. తాండూరు కందికి 2022 చివర్లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు పెట్టి అమ్మేటప్పుడు సరుకు నిజంగా అక్కడిదై ఉండాలి.

సంఘం_అక్క | బుధవారం మధ్యాహ్నం 12:40

సిటీలోళ్లు గల్లా అంటున్నరు, మేము కల్లాల కాడ ఏం చేస్తున్నమో చూడుండ్రి. మాది సిద్దిపేట వైపు, ఆడోళ్ల పొదుపు గ్రూపుల గ్రామైక్య సంఘం. వానకాలం, యాసంగి రెండు సార్లు సర్కారు తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్ మేమే నడుపుతం. టోకెన్లు ఇచ్చుడు, తేమ మిషన్ పెట్టి చూసుడు, కాంటా, గన్నీ సంచుల లెక్క, ట్యాబ్‌ల ఎంట్రీ, లారీ ఎక్కిచ్చుడు, అన్నీ ఆడోళ్లమే. తేమ 17 శాతం దాటితే తీసుకోవద్దు. రైతు వచ్చి "అక్కా, 18 ఉన్నది, రాసుకో" అంటడు. ఆయన మా అన్ననో బావనో అయితడు. ఎట్ల కాదనాలె? మల్ల మిల్లు కాడికి పోయినంక తరుగు పేరు మీద వాడు కోత పెడితే రైతు మిల్లుకాడికి పోడు, మా ఇంటి మీదికొస్తడు.

అయినా ఈ పనితోని మాకు వచ్చిన ధైర్యం ఇంత అంత గాదు. ఒకప్పుడు మా ఊర్ల వడ్లు కొనేటోడు చెప్పిందే రేటు, చెప్పిందే తూకం. ఇప్పుడు ధర గోడ మీద రాసి పెడుతున్నం. క్వింటాలుకింత అని సంఘానికి కమీషన్ వస్తది, లేటైనా వస్తది.

లెక్కతేల్చు | బుధవారం మధ్యాహ్నం 1:30

సంఘం అక్క పని మీద గౌరవం ఉంది. కానీ అది వ్యాపారం కాదండీ, ఏజెన్సీ. ధర ఢిల్లీ నిర్ణయిస్తుంది, డబ్బు పౌరసరఫరాల సంస్థ వేస్తుంది, సరుకు మిల్లుకి పోతుంది. లాభం, నష్టం రెండూ మీవి కావు. కమీషన్ మీది, తిట్లు మీవి. వ్యాపారి అంటే సరుకు తనదై ఉండాలి, రేటు తగ్గేదాకా కొనకుండా, పెరిగేదాకా అమ్మకుండా ఆగగలగాలి. ఆగడానికి డబ్బు కావాలి.

పచ్చజొన్న గారూ, మీరు అకౌంట్స్ చూస్తారు కాబట్టి అంకెల్లోనే చెబుతాను. లెక్క కోసం జొన్న క్వింటాలు 5000 అనుకుందాం. 40 క్వింటాళ్లు కోతల్లో కొని అయిదు నెలలు ఆపితే 2 లక్షలు ఇరుక్కుంటాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే అయిదు నెలలకి 20,000. అంటే క్వింటాలు మీద 500. బ్యాంకులో ఏడాదికి 12 శాతానికి దొరికితే 10,000, క్వింటాలు మీద 250. పురుగు, ఆరుదల, ఎలుకలు కలిపి 2 శాతం పోతే ఇంకో 100. రేటు అంతకన్నా పెరిగితేనే మిగిలేది. పెద్ద సేటు వడ్డీ లేని డబ్బుతో ఆగుతాడు. మీకూ ఆయనకీ తేడా ఆ 500 దగ్గరే. ధైర్యం, తెలివి తర్వాతి మాట.

చిన్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. బండి మీద రాగులు, కొర్రలు అమ్ముకునే ఆవిడ గిరిగిరి వడ్డీకి తెస్తుంది. చేతికి 9000 ఇచ్చి రోజుకి 100 చొప్పున 100 రోజులు వసూలు. అప్పు రోజూ తరుగుతుంటుంది కాబట్టి ఏడాదికి లెక్కేస్తే 80 శాతం దాకా పడుతుంది. వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి రుణం మేలే, కానీ మొదటి విడత 15,000. నా లెక్క ప్రకారం అది మూడు క్వింటాళ్ల జొన్న.

సంఘం_అక్క | బుధవారం మధ్యాహ్నం 2:15

లాభం నష్టం మీది కాదన్నరు. పోయిన యాసంగిల వానొచ్చి సెంటర్ల వడ్లు తడిస్తే రాత్రంత టార్పాలిన్లు కప్పింది ఎవరు? అది కూడ కమీషన్ల రాసుకోవాల్నా? ఏజెంట్లని అనుకోండ్రి, ఏం పోయింది. మీరు చెప్పిన వ్యాపారి రేటు తగ్గేదాక కొనకుండ ఆగుతడు. మేము ఆగం. మాకూ ఆయనకు అదే తేడా.

అక్రా_తెలుగోడు | బుధవారం సాయంత్రం 6:50

హైదరాబాదు వాణ్నే, కొన్నేళ్లుగా ఘనాలో ఉద్యోగం. ఇక్కడ అంతా తలకిందులు. అక్రా మకోలా మార్కెట్లో గల్లా దగ్గర మగవాణ్ని వెతుక్కోవాలి. మొక్కజొన్న, టమాటా, పెండలం గడ్డ – ఒక్కో సరుకుకి ఒక్కో పెద్దమ్మ ఉంటుంది, మార్కెట్ క్వీన్ అంటారు. లారీ ఎప్పుడు దించాలి, ఎంత సరుకు లోపలికి రావాలి, తగాదా వస్తే ఎవరిది తప్పు, అన్నీ ఆవిడే. పల్లెల్లో రైతులకి ముందే డబ్బిచ్చి పంట మీద చెయ్యి వేసుకుంటారు. అచ్చం మన అడ్తిదార్లే.

అందుకే ఒక మాట. ఆడవాళ్లు గల్లా ఎక్కితే రైతుకి న్యాయం జరిగిపోతుందని అనుకోకండి. కొత్త మనిషిని మార్కెట్లోకి రానివ్వని పెద్దమ్మలున్నారని ఇక్కడా రైతులు గోల పెడతారు. అలాగే ధరలు పెరిగినప్పుడల్లా మొదట తిట్లు తినేదీ వాళ్లే. 1979లో సైనిక ప్రభుత్వం ఈ ఆడవాళ్లే ధరలు పెంచుతున్నారని మకోలా పాత మార్కెట్టును పేల్చి నేలమట్టం చేసింది. ధరలు దిగాయా అంటే, లేదు.

నల్లకుంట_నాని | బుధవారం సాయంత్రం 7:01

ఇప్పుడెవరో ఒకరు ఇంఫాల్ ఇమా కైథెల్ అంటరు చూడుండ్రి. మొత్తం ఆడోళ్ల మార్కెట్ అని.

శారద_చిక్కడపల్లి | బుధవారం సాయంత్రం 7:04

నేనే రాయబోతున్నా, ఆపేశాను.

జహీరాబాద్_రోడ్డు | బుధవారం రాత్రి 8:45

అంత దూరం ఎందుకు, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ పోండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు, 1990ల్లోనే పడావు భూములు సాగులోకి తెచ్చి ఊరి గింజల నిధి పెట్టారు. పండిన జొన్నలో వాటా ఊళ్లోనే గుమ్ముల్లో నిలవ చేసి, తిండి కరువైన నెలల్లో పేద ఇళ్లకి తక్కువ ధరకి ఇచ్చేవారు. ఎవరికి ఎంత అన్నది ఊరందరి ముందు తేల్చేవారు. రేషన్ షాపులో బియ్యం తప్ప దొరకని రోజుల్లో జొన్నతో నడిపిన రేషన్ అది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి కూడా ఇచ్చింది. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి, వెళ్లి చూడండి.

లెక్కతేల్చు గారికి: సరుకు వాళ్లది, ధర వాళ్లది, ఆగింది వాళ్లు. ఆగింది రేటు పెరగడానికి కాదు, ఆకలి నెలల దాకా. ఇది మీ లెక్కలో ఏ కాలమ్‌లో వస్తుంది?

లెక్కతేల్చు | బుధవారం రాత్రి 9:10

వ్యాపారం కాలమ్‌లోనే. వడ్డీ గడిలో సున్నా, ఎందుకంటే డబ్బు బదులు గింజలే పెట్టుబడి. పచ్చజొన్న గారికి పనికొచ్చే సంగతి కూడా అదే. రొట్టెల అక్కలు అయిదారుగురు నెలకి ఎంత కావాలో ముందే చెప్పి కొంత అడ్వాన్సు ఇస్తే మీ 2 లక్షల్లో సగం అక్కర్లేదు. నిలవ మీద ఆడే జూదమూ తగ్గుతుంది.

ప్యాకింగ్ గురించి కూడా జాగ్రత్త. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి ముందే కట్టిన 25 కిలోల వరకు సంచులకి 5 శాతం జీఎస్టీ. బియ్యం కొట్లలో 26 కిలోల బస్తాలు ఎందుకొచ్చాయో ఇప్పుడర్థమైందా! మీరు 50 కిలోల బస్తాలే కదిలించండి.

రిటైర్డ్‌యార్డు | గురువారం ఉదయం 6:30

మీ ఊళ్లో పొలం ఉందన్నట్టు తోచింది. మార్కెట్ కమిటీ గోదాముల్లో పంట పెట్టి, విలువలో 75 శాతం దాకా అప్పు తీసుకునే పథకం ఒకటుంది. ఆరు నెలల దాకా వడ్డీ ఉండదు. దాని పేరు కూడా రైతుబంధే, 2018లో వచ్చిన ఎకరానికింత పథకం కాదు. అది రైతుకే, వ్యాపారికి కాదు. పట్టా మీ అమ్మగారి పేరు మీదుంటే ఆవిడ సరుకు ఆవిడ పెట్టుకోవచ్చు. తక్‌పట్టీ ఆవిడ పేరు మీదే రాయించండి.

మౌలాలి_బియ్యం_కొట్టు | గురువారం మధ్యాహ్నం 3:20

నిలవ గురించి ఎవరూ అనలేదు. ఇంట్లో బస్తాలు పెట్టుకుంటే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు మాత్రం తేవద్దు తల్లీ. దాన్నించి వచ్చే వాయువు మనుషుల్ని చంపుతుంది. అది మూసిన గోదాముల్లో, తెలిసినవాళ్లు వాడేది. బాగా ఎండబెట్టి, చల్లారాక సంచికెత్తాలి, వేడి మీద కట్టకూడదు. కింద చెక్కలు, గోడకి జానెడు ఎడం. కందులకి మా అత్త ఎర్రమట్టి పట్టించేది, పప్పుకి ఆముదం. మట్టి పట్టించిన కందులకి పప్పు కూడా బాగా దిగుతుంది.

పచ్చజొన్న | గురువారం రాత్రి 10:15

అందరికీ థ్యాంక్స్. పట్టా నాన్న పేరు మీదే ఉంది, దాని గురించి ఇంట్లో మాట్లాడాలి, తేలిగ్గా తెగదు. రొట్టెల అక్కలతో మాట్లాడా. నలుగురు ఒప్పుకున్నారు, అడ్వాన్సు మాత్రం ఇద్దరే ఇస్తామన్నారు. మిగతా ఇద్దరూ గిరిగిరి కడుతున్నారు, అది తీరాకే అంటున్నారు. ముందు పది బస్తాలతో మొదలుపెడతా, ఉద్యోగం మానను. గంజ్‌లోనూ ఒకసారి శాంపిల్ చూడాలనుంది, రేటు పోల్చుకోవడానికి. చాటబిడ్డా, అమ్మ ఇప్పుడు గింజ చూస్తారా?

చాటబిడ్డ | గురువారం రాత్రి 10:31

కంటికి ఆపరేషన్ అయింది. చేత్తోని పట్టి చెప్తది. ఆదివారం పట్టుకరా అక్కా. మొహమాటానికి బాగున్నయని మాత్రం అనది. ఆమె టైముకు కూలి కట్టియ్యాలె, ముందే చెప్తున్న.

గంజ్‌పోరడు | గురువారం రాత్రి 10:40

శాంపిల్‌కు మా దుకాణం కాడికి రా అక్కా, వెనకకు ఎవరూ చూడరు. పొద్దుగాల పదింటి లోపల రావాలె, పాట అయినంక రేటు వేరుంటది. పది బస్తాలకు క్యాష్. నీకు ఉద్దెర ఇయ్యమని నాయినకు చెప్పలేను, అమ్మనడగాలె. ఇంకోటి, తూకంల బార్దాన్, అంటే ఖాళీ సంచి, బరువు తీసేసినరో లేదో బిల్లు మీద చూసుకో. మా దుకాణంలనైనా సరే.